ఉస్తాద్ కత్తికి నేను పెట్టిన పిడి

ముందే చెప్పేస్తున్నాను, ఈ కథలో నవ్వే మనిషి ఒక్కడూ లేడు. మా ఉస్తాద్ మొదలుకొని బోధన్ బస్సు కండక్టర్ దాకా అందరూ కోపంగానే ఉంటారు. ఆ కోపానికంతటికీ కారణం నేనే. అంతమందిని ఒకే నెలలో మండించడం మామూలు మనిషి వల్ల కాదు. ఇరవై రెండేళ్ల వయసు, కొత్త మీసం, చేతిలో చిటికెడు పనితనం, తలలో గంపెడు గర్వం ఉండాలి. తొంభైలు మొదలవుతున్న రోజుల్లో నిజామాబాద్‌లో అవన్నీ నాకు కలిసొచ్చాయి. అప్పటి గంగాధర్ గాడు ఇప్పుడు ఎదురుపడితే రెండు చెంపలూ వాయించాకే మాట్లాడతాను. వాడు నేనే కాబట్టి బతికిపోతున్నాడు.

కట్టె కోత మిషన్ వెనక ఒక రేకుల షెడ్డులో భూమన్న ఉస్తాద్ దగ్గర నేను నగిషీ పని నేర్చుకుంటున్నాను. టేకు దర్వాజల మీద తీగలు, తామరలు, చిలకలు చెక్కే పని. పెద్ద చెక్కుడంతా ఉలులతో అయిపోతుంది. చిలక రెక్క కిందా తామర రేకు వెనకా చెక్కను సన్నగా తొలిచి, పువ్వు చెక్కను వదిలి పైకి లేచిందా అనిపించేలా చేయాలంటే మాత్రం చిన్న కత్తి కావాలి. ఆ పని షెడ్డులో ఉస్తాద్ ఒక్కడే చేసేవాడు. మేము దూరంగా నిలబడి చూసేవాళ్లం.

నాకేమో కత్తుల పిచ్చి. వాడటం వచ్చింది ఒక్క కత్తే, కొన్నవి తొమ్మిది. గంజ్‌లో ఎక్కడ కొత్త కత్తి తళుక్కుమన్నా అక్కడ నేను ఉండేవాణ్ని. ఒకసారి అరచేయంత కత్తి ఒకటి కొనుక్కొచ్చి ఉస్తాద్‌కు చూపించాను.

"గిది ఎందుకు కొన్నవ్‌రా?" అన్నాడు.

"మంచిగ మెరుస్తుంది ఉస్తాద్."

"గట్లయితె అద్దం కొనుక్కుంటె అయిపోవు గద."

తర్వాత కాస్త శాంతించి చెప్పాడు. "కత్తిని కండ్లతోటి కొనద్దు. కండ్లు మూస్కొని పట్టు. బొటనవేలు యాడ ఆనుతుందో సూడు. గంటసేపు పట్టినంక చెయ్యి గుంజుతుందా లేదా సూడు. గప్పుడు కొను."

ఈ మాట బంగారంలాంటిది. నేను ఆ చెవితో విని ఈ చెవిలోంచి పంపించేశాను. కళ్లు మూసుకొని కత్తి కొంటే దుకాణదారు నవ్వడా అన్నదొక్కటే అప్పుడు నాకు తోచింది.

కొన్న కత్తిని కొన్నట్టు ఉంచే రకం కూడా కాదు నేను. పిడి ఊడబీకి, నల్లటి జిట్రేగి చెక్కతో కొత్త పిడి చేసి, దాని మొదలుకు ఇత్తడి కట్టు తొడిగి, లక్క పాలిష్ పెట్టేవాణ్ని. నాతో పనిచేసే సాయిలు ఒకరోజు వాటిని చూసి, "దుకాణంల వెట్టి అమ్మొచ్చు రా గంగాధరూ" అన్నాడు. వాడు ఆ మాట అన్నది నా బీడీ కట్టలోంచి ఒకటి అడగబోయే ముందు. ఆ సంగతి నాకు పదేళ్ల తర్వాత తట్టింది. అప్పుడు మాత్రం వారం రోజులు నేల మీద నడవలేదు.

ఇక ఉస్తాద్ కత్తి సంగతి. మీరు దాన్ని చూసి ఉంటే రోడ్డు మీద దొరికినా తీసుకునేవాళ్లు కాదు. అలుగు అరిగి అరిగి కానుగాకు అంత మిగిలింది. మొన ఒక పక్కకు ఒరిగి, మూతి తిప్పుకున్న అత్తగారిలా ఉండేది. పిడి మీద పాత సైకిల్ ట్యూబు ముక్క చుట్టి ఉండేది. ఆ కింద చెక్కకు ఒకచోట గుంట, ఒకచోట బుడిపె. ఆయన కుడిచేతి చూపుడువేలు ఎప్పుడో రంపం మిషన్‌లో పడి సగం తెగిపోయింది. ఆ సగం వేలికీ పిడి మీది గుంటకూ ఏదైనా చుట్టరికం ఉందేమోనని ఒక్కరోజైనా ఆలోచించానా అంటే, లేదు.

ఆ రోజుల్లో వర్ని ఊరి సాయిరెడ్డి పటేల్ ఒక దర్వాజ చేయిస్తున్నాడు. కాలువ కింద వరి బాగా పండి కొత్త ఇల్లు కట్టుకున్నాడు. దర్వాజ మీద ఇరుపక్కలా చిలకలు, నడుమ తామర కావాలన్నాడు. మాఘంలో గృహప్రవేశం. ఒకరోజు పని చూడ్డానికి వచ్చి, ఉస్తాద్ పీట పక్కన ఉన్న కత్తిని కాలితో చూపిస్తూ, "గీ మొద్దు కత్తితోటేనా నా చిలకలు చెక్కుడు?" అన్నాడు.

ఉస్తాద్ పని చేసుకుంటూ పోయాడు. మండింది నాకు. మా ఉస్తాద్ కత్తిని కాలితో చూపిస్తాడా అని ఒళ్లంతా సెగలు. కోపం రావడం న్యాయమే. పటేల్ మీద రావలసిన ఆ కోపం తిరిగి తిరిగి కత్తి మీదికి మళ్లింది. అసలు ఇంత అనాకారి కత్తిని ఆయన ఎందుకు పెట్టుకోవాలి? ఎందుకు మా అందరి పరువూ తీయాలి? మూడు రోజులు ఇదే తలచుకొని రగిలాను.

నాలుగో రోజు ఉస్తాద్ అక్క బిడ్డ పెండ్లికని మూడు రోజులకు చందూర్ బయలుదేరాడు. పోతూ పోతూ నావైపు చూసి, "నా పెట్టె ముట్టకు" అన్నాడు.

పెట్టె ముట్టకు అన్నాడు గాని, అందులో ఉన్న కత్తి ముట్టకు అనలేదు. పెట్టె ముట్టకుండా కత్తి ఎట్లా తీశావని మీరు అడగొద్దు.

సైకిలెక్కి నేరుగా ఖాజా భాయ్ దగ్గరికి పోయాను. బస్టాండ్ వెనక సాన మిషన్ పెట్టుకొని కత్తెరలు, కొడవళ్లు, కసాయి కత్తులు సాన పట్టే మనిషి. ఆయన కత్తిని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"గిది భూమన్న కత్తి గద. ఏం జెయ్యాలె?"

"మొన వంకరున్నది భాయ్. గా వంకరంత తీసేసి సాఫు జెయ్యి. తళతళ మెరవాలె."

"ఆయిన జెయ్యమన్నడా?"

"ఆయినకు చెప్పకుండ చేయిస్తున్న. చూసి ఖుష్ కావాలె."

ఖాజా భాయ్ నా మొహం వైపు ఒక క్షణం చూసి మిషన్ తిప్పాడు. నిప్పురవ్వలు లేచాయి. ఒరిగిన మొన అరంగుళం మేర అరిగి పోయింది. అంతలో అంచు వెంట నీలం రంగు పాకింది. ఆయన చెయ్యి ఆపాడు.

"తమ్మీ, నీలం తేలింది. ఇనుము కాలింది. ఆపుదమా?"

"నీలం పోయేటట్టు రుద్దు భాయ్."

"రంగు పోతది. పోయిన పదును రాదు."

"నువ్వు రుద్దు."

రుద్దాడు. కత్తి మెరిసింది. అందులో నా మీసం కనిపించింది. ఇంకేం కావాలి?

మిగతా రెండు రోజులూ పిడి పని. పాత పిడిని పగలగొట్టి తీశాను. షెడ్డులో చాయ్ పెట్టే పొయ్యిలో చెక్కలు తక్కువయ్యాయని సాయిలు అంటే ఆ ముక్కలు కూడా అందులోనే వేశాను. ఆ రోజు చాయ్ చాలా బాగుందని అందరూ అన్నారు. జిట్రేగితో కొత్త పిడి చేశాను. గుంటలు లేవు, బుడిపెలు లేవు, నున్నగా గుండ్రంగా చపాతి కర్రలా ఉంది. మొదలుకు ఇత్తడి కట్టు, చివర ఇత్తడి బిళ్ల. ఎర్ర గుడ్డలో చుట్టి, పైన ఒక బంతిపువ్వు కూడా పెట్టాను. ఆ పువ్వు తలచుకుంటే ఇప్పటికీ పళ్లు కొరుక్కుంటాను. కత్తి పాడు చేసినవాడు చేశాడు, దానికి పువ్వెందుకు?

ఉస్తాద్ వచ్చిన రోజే పటేల్ కూడా వచ్చాడు. వెంట ఇద్దరు బంధువులు. ఇంతకంటే మంచి సమయం దొరకదనుకొని అందరి ముందూ ఎర్ర గుడ్డ ఉస్తాద్ చేతుల్లో పెట్టాను. ఆయన విప్పి చూశాడు.

"గిదేంది?"

"కత్తి, ఉస్తాద్."

"ఎవలది?"

"నీదే."

"నాది గాదు. నా కత్తేది?"

"గిదే ఉస్తాద్. జర మంచిగ చేయిచ్చిన."

"నేను నా కత్తి అడుగుతున్న, గంగాధరూ."

పటేల్ తొంగి చూసి, "మెరుస్తుంది గద భూమన్నా, గిట్లుండాలె కత్తంటె" అన్నాడు. నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది. ఉస్తాద్ ఒక టేకు ముక్క తీసుకొని కత్తి ఆనించి ఒక్కసారి తోశాడు. అంచు తడిసిన అప్పడంలా ముడుచుకుపోయింది. టేకు మీద గీత కూడా పడలేదు.

ఆయన కత్తిని మోకాలి మీద పెట్టుకున్నాడు. తర్వాత తన సగం వేలు నా ముఖం ముందు పెట్టాడు.

"గీ ఏలు సూసినవా?"

"సూసిన ఉస్తాద్."

"గీ ఏలు తెగినంక ఆర్నెల్లు నాకు పని చేతగాలే. గా పిడి నా ఏలుకు తగ్గట్టు నేనే చెక్కుకున్న. మొన చిలక రెక్క కిందికి పోవాలని ఒంపు వెట్టిచ్చిన. ముప్పై ఏండ్లు. పాత పిడి ఏది? గదన్న ఇయ్యి."

నేను పొయ్యి వైపు చూశాను. సాయిలు కూడా పొయ్యి వైపే చూశాడు. ఉస్తాద్ మా ఇద్దరి చూపులూ పట్టుకొని పొయ్యిని చూశాడు. ఆ తర్వాత ఆయన అన్న మాటలు అచ్చులో పెట్టేవి కావు. మా బాపును, తాతను, వాళ్ల తాతను కూడా వరసగా నిలబెట్టి పలకరించాడు.

పని ఆగితే ఎట్లా అని నేను నా తొమ్మిది కత్తులూ తెచ్చి ముందు పరిచాను. ఆయన ఒక్కొక్కటే పట్టుకొని కింద పడేశాడు. "గిది కొబ్బరిముక్కకు. గిది గడ్డం గీసుకునేతందుకు. గిది దేనికీ గాదు." అట్లా తొమ్మిదీ అయ్యాక, లేచి చెప్పులేసుకొని ఇంటికి వెళ్లిపోయాడు.

అప్పుడు పటేల్ నావైపు తిరిగాడు. ఇందాక మెచ్చుకున్న మనిషే.

"పదహారు దినాలున్నది గృహప్రవేశం. దర్వాజ లేకుంటె ఇంట్లకు ఎట్ల చొర్రాలె నేను? కిటికీలకెల్లి దుంకాల్నా?"

జవాబు లేనప్పుడు నా వయసువాళ్లు చేసే పని ఒకటే, ఇంకొకరి మీద అరవడం. ఖాజా భాయ్ దగ్గరికి పోయి అరిచాను. నా కత్తి ఖరాబు చేశావని, పని రాదని, ఏమేమో అన్నాను. ఆయన మిషన్ ఆపి, పక్కన చాయ్ తాగుతున్న నలుగురినీ పిలిచి నిలబెట్టాడు.

"భాయ్, మీరే ఇనుండ్రి. నీలం తేలింది, ఆపుదమా అని అడిగిన. గీయన ఏమన్నడు? నీలం పోయేటట్టు రుద్దు అన్నడు. అన్నవా లేదా?"

"అన్న గని..."

"గని లేదు. అన్నవా లేదా?"

"అన్న."

"మిషన్‌కు బుద్ధి ఉండది తమ్మీ. తెచ్చినోనికన్న ఉండాలె."

ఆ నలుగురూ తల ఊపారు. ఒకాయన అయితే నా భుజం మీద చెయ్యి వేసి జాలిగా తట్టాడు. ఆ తట్టడమే నన్ను ఎక్కువ మండించింది.

మరునాడు ఉస్తాద్ ఇంటికి పోయాను. గుమ్మంలో ఆయన భార్య రాజవ్వ చేటలో ఆకు, తంబాకు పెట్టుకొని బీడీలు చుడుతోంది. నన్ను చూసి కూడా చేతులు ఆపలేదు.

"ఉస్తాద్ ఏం జేస్తుండు చిన్నమ్మా?"

"గోడదిక్కు మొఖం వెట్టి పండిండు. నిన్నటిసంది అన్నం ముట్టలే. ముప్పై ఏండ్ల కాపురంల నేను రెండుసార్లు అలిగి పుట్టింటికి పోయిన. గప్పుడు మంచిగనే తిన్నడట. ఇయ్యాల కత్తి కోసం మానిండు. నేనెవలి మీద కోపం జెయ్యాలె, నువ్వే చెప్పు."

"నా మీదనే చిన్నమ్మా."

"గది ఎట్లనో చేస్తున్న. ఇంకొకరు గూడ కావాలె. సాలుతలేదు."

ఆమె నాలుగు బీడీలు చుట్టేదాకా తిట్టి, చివరికి ఒక దారి చెప్పింది. ఆ కత్తి చేసింది బోధన్‌లో ఒక కమ్మరి. ఆయన పోయాడు గాని, ఆయన భార్య ఎల్లవ్వ ఇప్పటికీ కొలిమి నడుపుతోంది. కొత్త కత్తి చేస్తే ఆమే చేయాలి.

బోధన్ బస్సెక్కాను. రోడ్డు పొడుగునా చెరుకు బండ్లు, ట్రాక్టర్లు. ఊరు ఇంకా రాకముందే చక్కెర మడ్డి వాసన. ఎల్లవ్వ కొలిమి ముందు చెరుకు నరికే కూలీలు కత్తులు పట్టుకొని బారుగా కూర్చున్నారు. ఎక్కువమంది మహారాష్ట్ర వాళ్లు. సీజన్ మధ్యలో కత్తి మొద్దుబారితే ఆ పూట కూలి లేదు కాబట్టి "లౌకర్, లౌకర్" అని తొందరపెడుతున్నారు. ఎల్లవ్వకు అరవై ఉంటాయి. చీర కచ్చ పోసుకొని, పట్టుకారుతో ఎర్రటి ఇనుము పట్టి, అందరినీ రెండు భాషల్లోనూ కసురుతోంది.

నా వంతు వచ్చాక మెరిసే కత్తి చేతికిచ్చాను. ఆమె ఆకురాయి తీసుకొని అంచు మీద ఒక్కసారి గీసింది. సబ్బు మీద గీసినట్టు దిగింది.

"ఎవడు సంపిండు దీన్ని?"

"నేనే, అవ్వా."

"గిది నా పెనిమిటి కొట్టిన కత్తి. పాత ఆకురాయిని సాగగొట్టి చేసిండు. నేను నూనెల ముంచిన. ఇద్దరం కలిసి చేసినదాన్ని నువ్వొక్కనివే సంపినవ్. గట్టోనివే."

"మల్ల పదునెక్కియ్యరాదా?"

"పదునెక్కుతది. నువ్వు తెంపిన మొన యాడికెల్లి తేవాలె? నీ ముక్కు కోసి అంటుపెట్టాల్నా?"

వెనక కూలీల్లో తెలుగు వచ్చిన ఒకడు ఈ మాటను మరాఠీలోకి మార్చి మిగతావాళ్లకు చెప్పాడు. వాళ్లందరూ నా ముక్కు వైపు చూశారు. నేను జేబులోంచి కాగితం తీశాను. రాత్రి కూర్చొని గుర్తున్నంతవరకు కత్తి బొమ్మ గీసి, కొలతలు వేసి తెచ్చాను. ఎల్లవ్వ దాన్ని చూడకుండానే కొలిమిలో వేసింది.

"కాయితం కత్తి పట్టదు. పట్టేటోన్ని తీస్కరా."

"ఆయిన నాతోటి మాట్లాడుతలేడు, అవ్వా."

"నేను మాట్లాడమన్ననా? తీస్కరమ్మన్న. పోయేముందు గా గాలి చక్రం తిప్పు. నీ మూలంగ గీళ్ల పని ఆగింది."

మధ్యాహ్నం దాకా తిప్పాను. భుజాలు రెండూ ఊడి కొలిమిలో పడతాయేమో అనిపించింది. ఆ రోజు కూలీలు నన్ను కొంచెం ప్రేమగా చూశారని నా నమ్మకం. అది కూడా జాలే కావచ్చు.

ఉస్తాద్‌ను బస్సెక్కించింది నేను కాదు, రాజవ్వ. "బోధన్ పోతవా, గోడనే కట్టుకుంటవా" అని అడిగిందట. ఆయన బస్సెక్కి నా పక్క సీట్లోనే కూర్చున్నాడు, వేరే సీటు లేక. చలికాలం గాలి రివ్వున కొడుతోంది.

"కండక్టర్ సాబ్," అన్నాడు ఉస్తాద్, "గీ పక్కపొంటి కూసున్నోనికి చెప్పు, కిటికీ మూయమను."

కండక్టర్ మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "నువ్వే చెప్పరాదు. భుజానికి భుజం తాకుతుంది గద."

"నేను వానితోటి మాట్లాడుతలేను."

"అయితె నేను గీ బస్సుల టికెట్లు కొట్టాల్నా, మీ ఇద్దరి నడుమ రాయబారం నడపాల్నా?"

నేను కిటికీ మూశాను. ఎడపల్లి దాటాక ఉస్తాద్ మళ్లీ, "కండక్టర్ సాబ్, జర తెరవమను" అన్నాడు. ఆ కండక్టర్ మిగతా దారంతా బస్సు ముందు భాగంలోనే గడిపాడు.

కొలిమి దగ్గర ఇద్దరు పెద్దవాళ్లూ కలిసి నా తలకాయ నొప్పి రెట్టింపు చేశారు. మొన ఎడమకు వంగి ఉండేదని ఉస్తాద్. కుడికని ఎల్లవ్వ.

"ముప్పై ఏండ్లు పట్టినోన్ని నేను, ఎల్లవ్వా."

"నూనెల ముంచినదాన్ని నేను. వంపు సూడకుండ ముంచిననా?"

"నాకు ఎదురుంగ నిలవడి సూస్తె నీకు కుడి దిక్కే కొడ్తది."

"నేనెప్పుడు నీకు ఎదురుంగ నిలవడ్డ?"

నేను మధ్యలో నోరు తెరవబోతే ఇద్దరూ ఒక్కసారే నావైపు చూశారు. మూసేసుకున్నాను. చివరికి ఎల్లవ్వ విసుగెత్తి, నేల మీది చెరుకు ముక్క తీసి ఆయన చేతిలో పెట్టింది. "నోరు కాదు. చెయ్యి జెప్పాలె. చెక్కు."

ఉస్తాద్ కళ్లు మూసుకున్నాడు. ఆ చెరుకు ముక్కతో గాలిలో చిలక రెక్క చెక్కడం మొదలుపెట్టాడు. మణికట్టు లోపలికి తిరిగి, కొంచెం ఎత్తి, మెల్లగా బయటికి. మళ్లీ అట్లాగే. ఎల్లవ్వ ఆయన చేతి నుంచి కళ్లు తిప్పలేదు. ఆయన పదిసార్లు చెక్కాక, "ఎడమకే" అని ఒప్పుకొని ఇనుము కొలిమిలో పెట్టింది. అంతవరకు ఆయన పని చేస్తుంటే నేను రోజూ పువ్వునే చూశాను. ఆయన చేతిని చూడటం ఆ రోజే మొదలు. మూడేళ్ల నుంచి పక్కనే ఉన్నాను. నామీద నాకే అసహ్యం వేసింది.

అలుగు తయారైంది. ఇక పిడి. నేను పాడు చేశాను కాబట్టి నేనే చేయాలని ఎల్లవ్వ తీర్పు. ఆయన చేతి కొలత ఎట్లా తీయాలని నేను తంటాలు పడుతుంటే, ఆమె రొట్టెతో తినడానికి ఎవరో రైతు ఇచ్చిన కొత్త బెల్లం ముద్ద తీసి ఉస్తాద్ చేతిలో పెట్టి, "గట్టిగ పట్టు" అంది. బెల్లం ఇంకా మెత్తగా ఉంది. ఆయన పిడికిలి విప్పేసరికి అందులో నాలుగు వేళ్ల అచ్చు పడింది. మూడు పొడుగు, ఒకటి పొట్టి.

ఆ బెల్లాన్ని ఆకులో పెట్టి, తిరుగు బస్సులో ఒళ్లో పెట్టుకొని పసిపిల్లలా కాపాడుకుంటూ వచ్చాను. కాని చీమలకు కూడా బస్సెక్కడం వచ్చు. ఎక్కడ ఎక్కాయో తెలియదు, నా చొక్కా మీదుగా ముందు సీటు మీదికి, అక్కడి నుంచి సంచి ఆనించి నిలబడ్డ కండక్టర్ మీదికి పాకాయి. ఖర్మ కాలి పొద్దుటి కండక్టరే.

"మల్ల నువ్వేనా?" అన్నాడు మెడ గీరుకుంటూ. "గీళ్లందరికి టికెట్ తీస్కున్నవా?"

"గిది ఉస్తాద్ చెయ్యి, సాబ్. పారెయ్యరాదు."

ఆయన నన్నూ, బెల్లాన్నీ, పక్కన గోడలా కూర్చున్న ఉస్తాద్‌నూ చూసి, దండం పెట్టాడు.

ఆ అచ్చు ఎండిపోయే లోపు, చీమలు తినే లోపు పిడి చేయాలి. ఈసారి జిట్రేగి లేదు, ఇత్తడి లేదు, మామూలు తుమ్మ చెక్క. మొదటిది చేసి ఉస్తాద్ ఇంటికి పట్టుకెళ్లాను. ఆయన పట్టుకొని చూసి వాకిట్లోకి విసిరేశాడు. రెండోది గోడ దాటింది. మూడోది ఏ దిక్కు పోయిందో కూడా చూడలేదు. నాలుగోది రాజవ్వ తీసుకొని బట్టలు ఉతకడానికి బాగుంటుందని పక్కన పెట్టుకుంది. గృహప్రవేశానికి ఇంకా తొమ్మిది రోజులు. పటేల్ రోజూ మనిషిని పంపిస్తున్నాడు. నాకు ఏడుపు, కోపం కలిసి వస్తున్నాయి. చూసింది చూసినట్టు చేస్తున్నాను కదా, ఇంకేం కావాలి?

ఆ రోజు కోపంలో కళ్లు గట్టిగా మూసుకొని బెల్లం ముద్ద పట్టుకున్నాను. పొట్టి వేలు పడినచోట నా వేలు పెట్టాను. అప్పుడు తెలిసింది. తెగిన వేలు కొస పిడి మీద ఆనుకొని ఉండదు, దాన్ని నొక్కుతుంది. బరువంతా అక్కడే. నేను మిగతా వేళ్లకు చేసినట్టే దానికీ నున్నటి గాడి చేస్తున్నాను. దానికి కావలసింది ఆనించుకోవడానికి అంచున్న గుంట. కంటికి కనిపించనిది వేలికి ఒక్క క్షణంలో తెలిసింది. ఐదో పిడి చేసేటప్పుడు సగం పని కళ్లు మూసుకొనే చేశాను. సాయిలు చూసి నాకు పిచ్చెక్కిందనుకున్నాడు.

ఉస్తాద్ షెడ్డుకే వచ్చి ఆ పిడి పట్టుకున్నాడు. విసరలేదు. వేళ్లు చాపి, ముడిచి, మళ్లీ పట్టాడు. తర్వాత అలుగు అందులో బిగించి, పీట మీద కూర్చొని, సగంలో ఆగిన చిలక రెక్క కింద కత్తి పెట్టి తోశాడు. టేకు చుట్ట చుట్టుకొని రాలింది. ఇంకోటి. ఇంకోటి. రెక్క ఒక పక్క చెక్క నుంచి విడివడి పైకి లేచాక ఆయన తల ఎత్తకుండా అన్నాడు.

"గంగాధరూ, చాయ్ తెప్పియ్యి."

పది రోజుల తర్వాత నాతో నేరుగా అన్న మొదటి మాట. షెడ్డు పొయ్యి రాజేసేదాకా ఆగలేక చాయ్ హోటల్‌కు పరుగెత్తుతూ దారిలో కండువాతో కళ్లు తుడుచుకున్నాను. చాయ్‌తో పాటు బిస్కెట్ కూడా తెచ్చాను. ఉస్తాద్ బిస్కెట్ చూసి, "గివి ఎవడు తెమ్మన్నడు?" అని మళ్లీ తిట్టాడు. ఆ తిట్టు ఎంత తియ్యగా ఉందో చెప్పలేను.

దర్వాజ ముహూర్తానికి ముందురోజే వర్ని చేరింది. పటేల్ దాని ముందు నిలబడి చిలకలను తడిమి తడిమి చూశాడు. ఈసారి కత్తి గురించి ఒక్క మాట కూడా అనలేదు.

ఆ రోజు నేను ఒట్టు పెట్టుకున్నాను. నా జన్మలో ఇంకొకరి కత్తి ముట్టను. నూరను, పిడి మార్చను, వంకర తీయను, తీయమని బతిమాలినా తీయను. దాని యజమాని కళ్లముందు కత్తి తుప్పు పట్టి మన్నయిపోతున్నా సరే, చేతులు వెనక్కి కట్టుకొని చూస్తూ నిలబడతాను. ఇది నా మాట, నా పనిముట్ల సాక్షి. ఇప్పటికి ఇన్నేళ్లయినా ఈ ఒట్టు ఒక్కసారి కూడా తప్పలేదు.

దీనివల్ల లాభం నాకు, కష్టం మా ఆవిడకు. వంటింట్లో ఆమె కత్తి మొద్దుబారి ఆరు నెలలయింది. నూరి ఇవ్వమని మొన్న అడిగితే, నేను కుర్చీలో నిటారుగా కూర్చొని ఈ కథంతా మొదటి నుంచి చివరిదాకా గంభీరంగా చెప్పి, ఒట్టు కూడా ఒకసారి చదివి వినిపించాను. ఆమె ఓపికగా విన్నది.

"అయిపాయెనా?" అంది.

"అయింది."

"కత్తి ముట్టనని ఒట్టేసినవ్. మంచిగనే ఉన్నది. బోళ్లు ముట్టనని ఎయ్యలే గద. లే, తోము."